చెప్పకనే తెలుసుకోవలసిన మర్యాద

జపానులో ఒకరి ఇంటికి అతిథిగా వెళ్ళే తెలుగువారికి చెప్పుల విషయంలో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదనిపిస్తుంది. పాదరక్షలు విడిచి ఇంట్లోకి అడుగుపెట్టడం మనకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటే. అమెరికా నుంచో ఐరోపా నుంచో వచ్చినవారు బూట్లతోనే లోపలికి నడిచి నాలుక కరుచుకుంటారేమో గాని, మనకు ఆ బెంగ లేదు. సరిగ్గా ఆ ధీమాతోనే మనవారు అక్కడ పొరపాటు చేస్తారు.

జపాను ఇంట్లో పాదరక్షలు విడిచేది గుమ్మం వెలుపల కాదు, తలుపు దాటిన తరువాత. లోపల ‘గెన్‌కాన్’ అనే పల్లపు గచ్చు ఉంటుంది. దానికి ఆనుకుని జానెడో బెత్తెడో ఎత్తున ఇంటి అసలు నేల మొదలవుతుంది. బూటులోంచి బయటికి తీసిన పాదం తిన్నగా ఆ ఎత్తు మీదికే చేరాలి. ఆ పల్లంలో ఒక్క క్షణం మేజోళ్ళతో నిలబడి ఆపై పైకి ఎక్కితే, వీధి మురికిని ఇంట్లోకి మోసుకొచ్చినట్లే. విడిచిన జోడును కాస్త పక్కకు వంగి, మొనలు తలుపు వైపు ఉండేటట్లు తిప్పి పెట్టాలి. ఆ తిప్పేటప్పుడు గృహస్థునికి పూర్తిగా వీపు చూపకూడదు. లోపల వేసుకోవడానికి వేరే చెప్పులిస్తారు. తతామి చాపలు పరచిన గది రాగానే వాటిని కూడా విడవాలి. మరుగుదొడ్డికి ప్రత్యేకమైన చెప్పులుంటాయి. తిరిగి వచ్చేటప్పుడు వాటిని అక్కడే వదలడం మరచి, ఆ చెప్పులతోనే కూర్చునే గదిలోకి వచ్చే పరదేశుల కథలు జపానులో ప్రతి ఇంటా ఉంటాయి.

వీటన్నిటికన్నా మనకు వింతగా తోచేది మరొకటి ఉంది. మన దృష్టిలో ఉత్త పాదాలతో ఇంట్లోకి రావడం శుచికి గుర్తు. అక్కడ అతిథి ఉత్త పాదాలతో ఒకరి చాప మీద నడవడం అశ్రద్ధగా కనిపిస్తుంది. పాదాల చెమట, జిడ్డు వారి గడ్డి చాపకు అంటుతాయని భావన. వేసవిలో చెప్పులతో వెళ్ళేవారు సంచిలో ఒక జత శుభ్రమైన మేజోళ్ళు పెట్టుకుని వెళ్ళి, గుమ్మంలో తొడుక్కుంటారు.

ఆతిథ్యమిచ్చిన గృహిణి ఇవన్నీ గమనిస్తుంది, కాని ఒక్క మాటా అనదు. చిరునవ్వుతో తేనీరు తెచ్చి ముందుంచుతుంది. తన వల్ల ఏ లోటూ జరగలేదన్న నమ్మకంతో అతిథి సంతోషంగా వెనుదిరుగుతాడు. పరదేశికీ స్థానికునికీ మధ్య అక్కడ పెరిగే దూరానికి ప్రధాన కారణం ఈ మౌనాన్ని ఇద్దరూ చెరొక విధంగా అర్థం చేసుకోవడమేనని నా అభిప్రాయం. తప్పయితే చెప్పేవారు కదా అని వచ్చినవాడు అనుకుంటాడు. చూస్తే తెలియదా అని అక్కడివాడు అనుకుంటాడు. మొదటివాడు మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటాడు. రెండవవాడు దాన్ని ఓర్పుగా భావించి భరిస్తాడు. పర్యాటకుల కోసం అచ్చువేసే ‘చేయదగినవి, చేయకూడనివి’ పట్టికలు ఎన్ని చదివినా ఈ పేచీ తీరదు.

జపాను భాషలో ‘మేవాకు’ అనే మాట ఒకటి ఉంది. మన వల్ల ఎదుటివారికి కలిగే అసౌకర్యం, చికాకు, భారం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇతరులకు మేవాకు కలిగించకు అన్నది అక్కడ తల్లులు పిల్లలకు నేర్పే తొలి పాఠం. ఇతరుల మనసును వారు నోరు తెరవకముందే గ్రహించడాన్ని ‘గాలిని చదవడం’ అంటారు. గాలిని చదవలేనివాడన్న మాట అక్కడ చిన్న నింద కాదు. ఇందులో మరో మడత కూడా ఉంది. ఒకరి తప్పును పదిమందిలో ఎత్తిచూపడం సైతం మేవాకే. అందువల్ల బాధపడినవాడు బాధపెట్టినవాడి పరువు కాపాడుతూ ఊరుకుంటాడు.

రైలు పెట్టెలో ఇది బాగా కనిపిస్తుంది. టోక్యోలో ఉదయం వేళ భుజం భుజం రాసుకునేంత జనం ఉన్నా పెట్టె నిశ్శబ్దంగా ఉంటుంది. ఫోను మోగకుండా పెట్టుకోవడాన్ని వారు ‘మేనర్ మోడ్’ అంటారు, అంటే మర్యాద స్థితి. ఫోనులో మాట్లాడటం సాధారణంగా ఉండదు. వీపు సంచిని ముందుకు తగిలించుకుంటారు. మనవారు నలుగురు కలిసి ఎక్కితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని అమ్మకు వీడియో కాల్ చేసి జపాను రైలు చూపిస్తారు. పక్కనున్నవారు కళ్ళు మూసుకుంటారు, లేదా తరువాతి స్టేషనులో దిగి వేరే పెట్టెలోకి మారతారు. ఎవరూ హెచ్చరించరు. ఈ నిశ్శబ్దం అక్కడి తల్లులకు కూడా బరువే. చంటిబిడ్డ ఏడుపు అందుకోగానే చుట్టూ ఉన్నవారికి తలవంచి క్షమాపణలు చెప్పుకునే జపాను తల్లులు ఎందరో. బిడ్డ ఏడ్చినా ఫర్వాలేదు, మేమేమీ అనుకోము అని తెలిపే స్టిక్కర్లను ఫోన్లకు అంటించుకునే ఉద్యమం ఒకటి అక్కడ మొదలయిందంటే, ఆ తల్లుల అవస్థ ఎంతటిదో ఊహించవచ్చు.

ఎస్కలేటరు సంగతి మరీ చిత్రం. టోక్యోలో నిలబడేవారు ఎడమ పక్కన నిలబడి, తొందరపడేవారికి కుడి పక్క విడుస్తారు. ఒసాకాలో కుడి పక్కన నిలబడి ఎడమ విడుస్తారు. ఇలా నడవడం ప్రమాదకరమని, అందరూ కదలక నిలబడాలని సైతామా రాష్ట్రం 2021 అక్టోబరు నుంచి, నగోయా నగరం 2023 అక్టోబరు నుంచి నిబంధనలు అమలులోకి తెచ్చాయి. అయినా రాయని అలవాటు అంత తేలికగా పోతుందా? బోర్డు చదివి, బుద్ధిగా ఖాళీ పక్కన నిలబడిన పరదేశి వెనుక ఒక మౌన వరుస ఏర్పడుతుంది. అతడు చేసినది సరైనదే, అయినా అడ్డుగా నిలిచినవాడు అతడే!

చెత్త గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సందర్శకులతో పాటు అక్కడ కాపురం పెట్టిన కుటుంబాలు ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. జపాను వీధుల్లో చెత్తబుట్టలు చాలా అరుదు. 1995 మార్చి 20న ఓం షిన్రిక్యో అనే ముఠా టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలిన దారుణం తరువాత, భద్రత కోసం స్టేషన్లలోనూ బహిరంగ స్థలాల్లోనూ ఎన్నో బుట్టలు తొలగించారు. స్థానికులు తమ చెత్తను సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. బుట్ట కనిపించని పర్యాటకుడు కాగితపు గ్లాసును ఏదో ఒక దుకాణం అరుగు మీద పెట్టి పోతాడు. బుట్టలు పెట్టరు, పారవేయవద్దంటారు, ఇదెక్కడి న్యాయమని విసుక్కుంటాడు. అతని విసుగులోనూ కొంత న్యాయం లేకపోలేదు.

ఇంటి చెత్త లెక్క వేరు. కాలేవి, కాలనివి, ప్లాస్టిక్కు, సీసాలు, డబ్బాలు, కాగితాలు ఇలా విడదీయాలి. నీళ్ల సీసా అయితే మూత తీసి, చుట్టూ ఉన్న లేబులు ఒలిచి, కడిగి వేయాలి. ఒక్కో రకానికి ఒక్కో వారం, అది కూడా ఉదయం నిర్ణీత సమయంలోపే. ముందురోజు రాత్రి పెడితే కాకులు చింపుతాయి. షికోకు ద్వీపంలోని తోకుషిమా రాష్ట్రంలో కమికత్సు అనే చిన్న ఊరు 2003లో చెత్తలేని ఊరుగా మారాలని ప్రతిన బూని, ఇప్పుడు నలభైకి పైగా రకాలుగా విడదీస్తోంది. నగరాల్లో అంత లేదు గాని, తప్పుగా కట్టిన సంచిని పారిశుద్ధ్య సిబ్బంది ఒక చీటీ అంటించి అక్కడే వదిలి వెళతారు. రోజంతా అది అందరి కళ్ల ముందు ఉంటుంది. చివరకు పొరుగున ఉండే పెద్దావిడ ఎవరో దాన్ని విప్పి, విడదీసి, మళ్లీ కడుతుంది. ఆ సంచి యజమానికి ఆ సంగతి నెలల తరబడి తెలియకపోవచ్చు.

వారి శుభ్రత గురించి ప్రపంచం చెప్పుకునే మాటల్లో ఒకటి నిజంగా మనసును తాకుతుంది. 2022లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీల్లో జర్మనీని ఓడించిన రోజు, జపాను ఆటగాళ్లు తమ గదిని అద్దంలా శుభ్రపరచి, కాగితంతో మడిచిన 11 కొంగలను, జపాను భాషలోనూ అరబీలోనూ ధన్యవాదాలు రాసిన చీటీని వదిలి వెళ్లారు. బడిలో తరగతి గదిని పిల్లలే ఊడ్చి తుడవడం అక్కడి పద్ధతి. ఆ పిల్లలే పెద్దయి ఇలా ప్రవర్తించారని మనం మురిసిపోతాం.

అయితే ఇదంతా వారి రక్తంలోనే ఉందనుకోవడం పొరపాటు. 1964 ఒలింపిక్స్‌కు ముందు టోక్యో వీధుల్లో చెత్త వేయవద్దని, బహిరంగంగా మూత్రవిసర్జన చేయవద్దని ప్రజలకు బోధించడానికి పెద్ద ప్రచారమే నడపవలసి వచ్చింది. 1974 నుంచి 1982 వరకు హిదేయా కవకీత అనే చిత్రకారుడు టోక్యో భూగర్భ రైళ్ల కోసం మర్యాదల పోస్టర్లు రూపొందించాడు. సీటు మీద కాళ్లు బార్లా చాపుకుని స్థలమంతా ఆక్రమించేవారిని ఎగతాళి చేసిన ఆ బొమ్మలు ఎవరి కోసం? జపానువారి కోసమే. నేటికీ షిబుయా కూడలిలో హాలోవీన్ రాత్రి తాగి గోల చేసే గుంపుల్లో స్థానిక యువకులు తక్కువేమీ కాదు. 2023లో ఆ పండుగకు షిబుయాకు రావద్దని అక్కడి మేయరే బహిరంగంగా కోరవలసి వచ్చింది. మర్యాదను వారు కష్టపడి నేర్చుకున్నారు. కాబట్టి వచ్చినవారికి కూడా నేర్పవచ్చు. నేర్పడానికి నోరు తెరవాలి, అక్కడే వస్తుంది ఇబ్బంది.

ముస్లిం యాత్రికులకు ఈ ఇబ్బంది ముందుగా ఎదురయ్యేది భోజనం దగ్గర. పంది మాంసం, మద్యం లేకుండా వండి ఇవ్వగలరా అని దుకాణదారుణ్ణి అడుగుతాం. అతడు పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, తల ఒక పక్కకు వంచి ‘చొత్తో...’ అంటాడు. ఆ మాటకు నిఘంటువు అర్థం ‘కొంచెం’. కొంచెం కష్టమే గాని చేస్తాడు కాబోలు అని మనం ఆశగా నిలబడతాం. అతడు చెప్పింది ‘కుదరదు’ అని. ఆ కుదరదు వెనుక నిర్లక్ష్యం లేదు. అక్కడి పులుసులకు పంది ఎముకల రసం ఆధారం కావచ్చు, మిరిన్ అనే తీపి బియ్యపు మద్యం ఎన్నో వంటకాల్లో పడుతుంది, పులియబెట్టిన సోయా సాసులో సహజంగానే కొంత ఆల్కహాలు ఉంటుంది. ఒప్పుకుని, తెలియక తప్పు చేసి, అతిథి ధర్మానికి భంగం కలిగించడం కన్నా ముందే తప్పుకోవడం మేలని అతడు తలుస్తాడు. పైగా వంటకాన్ని వండేవాడు ఎలా నిర్ణయించాడో అలా తినడమే అక్కడి రివాజు. ఉల్లి తీసేయండి, కారం తగ్గించండి అని మన హోటళ్ళలో చెప్పినంత చనువుగా అక్కడ చెప్పరు. ముందురోజే ఫోను చేయించి, తినకూడని వాటిని జపాను భాషలో రాసిన చీటీ చూపితే, అతనికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, నిజమైన జవాబు వస్తుంది. బల్ల దగ్గర నిలబడి వాదిస్తే ఏమీ రాదు.

వుజూ మరొక సున్నితమైన విషయం. నరీతా, హనేదా, కన్సాయ్ విమానాశ్రయాల్లో ప్రార్థన గదులున్నాయి. కాని ఊరి మధ్య దుకాణ సముదాయంలో నమాజు వేళ అయితే, మనవారు మామూలు చేతులు కడిగే తొట్టెలోకి కాలెత్తి కడుగుతారు. జపానువారి కళ్లకు అది ముఖం కడిగే పళ్ళెంలో కాలు పెట్టినట్లు ఉంటుంది. నేల తడిసి, తరువాత వచ్చిన వృద్ధురాలు జారితే ఆ భారం మనదే. బస నుంచి వుజూతో బయలుదేరడం, వెంట చిన్న సీసా ఉంచుకోవడం, ప్రయాణంలో మేజోళ్ల మీద మస్‌హ్ గురించి తమ ఆలిమును ముందే అడిగి తెలుసుకోవడం, తొట్టె వాడక తప్పనప్పుడు కాగితంతో గట్టునూ నేలనూ తుడిచి రావడం మంచిది. ముసల్లా ఎక్కడ పరచాలో దుకాణంలో అడిగితే, వారు చాలాసార్లు ఏదో ఒక మూల చూపుతారు. అడగకుండా నడవలోనో, బట్టలు మార్చుకునే గదిలోనో మొదలుపెడితే ఎవరూ అడ్డుకోరు. అడ్డుకోలేదంటే సమ్మతించినట్లు కాదని ఇప్పటికే చెప్పుకున్నాం.

అక్కడి పద్ధతుల్లో మనకు హాయినిచ్చేవి కూడా ఉన్నాయి. స్త్రీ పురుషులు చేతులు కలపనక్కరలేదు, పలకరింపుకు తల కొద్దిగా వంచితే చాలు. రుకూలా వంగమని పరదేశిని ఎవరూ కోరరు. మరుగుదొడ్డిలో నీటితో శుభ్రపరచుకునే సదుపాయం ఎక్కువ చోట్ల ఉంటుంది. ‘వాష్‌లెట్’ అనే ఆ పరికరాన్ని తోతో సంస్థ 1980లోనే తెచ్చింది. ఐరోపా యాత్రలో కాగితంతో అవస్థపడి వచ్చినవారికి దాని విలువ తెలుస్తుంది.

భోజనపు బల్ల మీద పుల్లలతో తినే విధానంలో రెండు నిషేధాలు మాత్రం తేలికగా తీసుకోకూడనివి. అన్నంలో పుల్లలను నిలువుగా గుచ్చకూడదు, మృతుని తలవద్ద పెట్టే అన్నం అలా ఉంటుంది. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించకూడదు, దహనం తరువాత అస్థికలను ఎత్తేది ఆ విధంగానే. ఇటీవల తండ్రిని పోగొట్టుకున్నవాడు ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు మనం నవ్వుతూ ఆ పని చేస్తే అతడికి ఎలా ఉంటుంది? అప్పుడు కూడా అతడు ఏమీ అనడు.

ఈ మౌనం ఇప్పుడు సడలుతోంది. 2013లో మొదటిసారి కోటి దాటిన విదేశీ సందర్శకుల సంఖ్య 2024లో సుమారు 3 కోట్ల 68 లక్షలకు చేరింది. క్యోటోలోని గియోన్ వీధుల్లో సంప్రదాయ వస్త్రాలు ధరించి పనికి వెళ్లే గేయిషాలను పర్యాటకులు వెంటపడి, కొంగు పట్టి లాగి ఫోటోలు తీయసాగారు. ఆ పేట నివాసులు ప్రైవేటు సందుల్లో ఫోటోలు నిషేధించి, 10,000 యెన్ల జరిమానా అని బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి ప్రవేశాన్నే మూసివేశారు. అదే ఏడాది మే నెలలో ఫుజికవాగుచికో పట్టణంలో, ఒక దుకాణం పైన ఫుజి పర్వతం కనిపించే చోట, రెండున్నర మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవుతో నల్లని తెర కట్టారు. ఫోటో కోసం రోడ్డుకు అడ్డం పరుగెత్తడం, చెత్త వేయడం, ఎదుటనున్న దంతవైద్యశాల ఆవరణలోకి, చివరకు దాని పైకప్పు మీదికి ఎక్కడం మానకపోతే ఆ ఊరివారు ఇంకేం చేస్తారు? తెరకు కొద్ది రోజుల్లోనే కన్నాలు పొడిచారు. ఆగస్టులో తుఫాను భయంతో దించిన దాన్ని మళ్లీ కట్టలేదు. తమ కొండ కనిపించకుండా తామే తెర కట్టుకోవలసి వచ్చిన ఆ ఊరిని తలచుకుంటే జాలి కలుగుతుంది. ఏళ్ల తరబడి చెప్పకుండా ఓర్చుకున్నవారు ఒక రోజు మాట్లాడటం మొదలుపెడితే ఆ మాట జరిమానా రూపంలో వస్తుంది. తప్పు చేయనివాడు కూడా ఆ బోర్డు కింద తలవంచుకుని నడవాలి.

స్థానికుల వైపు లోపం లేదని కాదు. 2013లో న్యూజిలాండుకు చెందిన ఒక మావోరీ స్త్రీని, ముఖం మీద తన జాతి సంప్రదాయపు పచ్చబొట్టు ఉన్న కారణంగా, హొక్కైదోలోని ఒక వేడినీటి స్నానశాల లోపలికి రానివ్వలేదు. పచ్చబొట్టంటే నేరస్థుల ముఠాల గుర్తని అక్కడి నియమం. ఆమెకు అది పూర్వీకుల వారసత్వం. అక్కడ నియమం ఎదుట నిలిచిన మనిషిని చూడలేకపోయింది. ఏళ్ల తరబడి జపానులో ఉండి, ఆ భాషలో పిల్లల్ని పెంచినవారికి కూడా రెండు ముక్కలు మాట్లాడగానే ‘మీ జపాను భాష చాలా బాగుంది’ అన్న పొగడ్త వస్తూనే ఉంటుంది. మంచి మాటే, కాని నీవు ఎప్పటికీ అతిథివే అన్న ధ్వని అందులో వినిపించక మానదు.

ఈ విషయం మన కుటుంబాలకు దూరపు సంగతి కాదు. టోక్యో తూర్పున ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్ ప్రాంతంలో కంప్యూటరు ఉద్యోగాల కోసం వెళ్లిన భారతీయులు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో పై ఇంటి పిల్లలు పరుగెత్తితే కింది ఇంటి కప్పు దద్దరిల్లుతుంది. సాయంత్రం బంధువులు వచ్చి పది గంటల దాకా కబుర్లు చెప్పుకోవడం మనకు పండుగ. కింది ఇంటివారు మన తలుపు తట్టరు. ఫిర్యాదు భవన నిర్వాహక కార్యాలయానికి వెళుతుంది. మరునాడు మెట్ల దగ్గర, ఎవరి పేరూ లేకుండా, శబ్దం తగ్గించవలసిందిగా నివాసులందరినీ ఉద్దేశించి ఒక కాగితం అంటించి ఉంటుంది. అది తమ గురించేనని మనవారు గ్రహించరు, ఎవరో గోల చేస్తున్నట్టున్నారే అనుకుంటారు.

కొత్త ఇంట్లో దిగినప్పుడు ఇరుపక్కల వారినీ, పైనా కిందా ఉన్నవారినీ పలకరించి రావడం జపానులో పాత ఆచారం. దిగిన రోజో మరునాడో, పగటి వేళ, భార్యాభర్తలు పిల్లలను వెంట పెట్టుకుని వెళతారు. ఒక చిన్న తువ్వాలో, సబ్బుల పెట్టెనో, పొట్లం కట్టిన బిస్కెట్లో ఇస్తారు. 500 నుంచి 1,000 యెన్లు చేసే వస్తువు చాలు, అంతకు మించితే తిరిగి ఏమివ్వాలో తెలియక వారు ఇబ్బంది పడతారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, చప్పుడు అయితే దయచేసి మాకు చెప్పండి అని రెండు ముక్కలు నేర్చుకుని చెబితే, కిందింటివారికి కార్యాలయానికి వెళ్లే అవసరం చాలావరకు తప్పుతుంది. పెద్ద నగరాల్లో ఒంటరిగా ఉండే జపాను యువతలో చాలామంది ఈ ఆచారాన్ని వదిలివేశారు, కాబట్టి తలుపు తీసినవారు కాస్త ఆశ్చర్యపోవచ్చు. తలుపు తీయకపోతే మరునాడు మరోసారి వెళ్లాలి. అప్పుడు కూడా లేకపోతే ఇంటి నంబరుతో, పేరుతో ఒక చీటీ రాసి వస్తువుతో పాటు తలుపు గడియకు తగిలించి రావచ్చు.